సిస్టరమ్మ తోటలో కుంటాయన

కరుణమ్మ ముప్పైరెండేళ్లు జమ్మలమడుగు మిషను ఆసుపత్రిలో కట్లు కట్టి రిటైరైంది. పొద్దున ఈ పార్టీవాడి తలకు కుట్లు వేస్తే, మధ్యాహ్నం ఆ పార్టీవాడి మోకాలికి వేసేది. ఇద్దరినీ ఒకే వార్డులో పడుకోబెట్టకూడదన్న ఇంగితం తప్ప రాజకీయాల నుంచి ఆమె నేర్చుకున్నదేమీ లేదు. ఇప్పుడు తొండూరుకూ సింహాద్రిపురానికీ మధ్య ఉన్న సొంత ఊళ్లో, తండ్రి వదిలిపోయిన రెండెకరాల చీనీ, అంటే బత్తాయి తోటలో చిన్న ఇల్లు వేసుకుని ఒక్కతే ఉంటోంది. ఊరంతా ఆమెను సిస్టరమ్మ అనే పిలుస్తుంది.

పంచాయతీ ఎన్నికలు ప్రకటించిన వారంలోనే తోటలోకి ఆయన వచ్చాడు.

పొద్దు గుంకుతోంది. కరుణమ్మ పాదులకు నీళ్లు మళ్లించి వెనక్కి తిరిగేసరికి బోరు తొట్టి దగ్గర గుంటనక్క ఒకటి నీళ్లు తాగుతోంది. పిల్లి కంటే కాస్త పెద్దది. బూడిదరంగు ఒళ్లు, తోక చివర నల్లటి కుచ్చు. ముందరి ఎడమకాలు నేలకు ఆనడం లేదు. కళ్లద్దాలు సర్దుకుని చూస్తే సంగతి అర్థమైంది. సెనక్కాయ చేలలో అడవిపందుల కోసం మోటారుసైకిలు క్లచ్చు వైరుతో ఉచ్చులు పెడతారు. అందులో చిక్కుకుని, తెంపుకుని వచ్చేసింది గానీ వైరు మాత్రం కాలికి బిగుసుకుపోయింది. చుట్టూ వాచి చీము పట్టింది. వారం పది రోజుల్లో వైరు తీయకపోతే కాలు కుళ్లిపోతుంది. ఆ తర్వాత ప్రాణమూ దక్కదు. ఆసుపత్రిలో అన్నేళ్లు పనిచేసిన మనిషికి ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు.

"అయ్యో నాయనా, ఎంత నొప్పి పెడతాందో" అంది. నక్క తల ఎత్తి చూసి, కుంటుకుంటూ చెట్లలోకి పోయింది.

మరునాడు రాగిసంగటిలో గుడ్డు కలిపి, వాపు తగ్గే మాత్ర పొడిచేసి వేసి, తొట్టి పక్కన పెట్టింది. తెల్లవారి చూస్తే గిన్నె నాకేసి ఉంది. మూడో రోజుకు ఆమె అక్కడే స్టూలు వేసుకుని కూర్చున్నా వచ్చి తినడం మొదలుపెట్టింది. పేషెంటు ఎవరైనా ఆయన, ఆమె అని చెప్పడమే ఆమెకు అలవాటు కాబట్టి దానికి కుంటాయన అని పేరు పెట్టింది. మందు పని చేస్తోంది గానీ వైరు అలాగే ఉంది. ముట్టుకుందామని రెండడుగులు వేస్తే ఆయన నాలుగడుగులు వెనక్కి పోతాడు. పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి.

ఆ ఇంకో మనిషిని పిలవడానికే ఆమెకు భయం. ఎవడికైనా కాలం కలిసొస్తే నక్కతోక తొక్కాడంటారు కదా, మామూలు రోజుల్లో అది ఉత్త మాటే. నామినేషన్ల కాలంలో మాత్రం మా వైపు దాన్ని నిజమనుకునే పెద్దమనుషులు బయలుదేరతారు. పొద్దున్నే నక్క మొహం చూసి పోతే గెలుపు ఖాయమట. కిందటి ఎన్నికలకు ఒకాయన నక్కను పట్టించి బోనులో పెట్టి వాకిట్లో ఉంచుకున్నాడు. మూడు రోజులకే చచ్చిపోయింది పాపం. అందుకని కరుణమ్మ నోరు మూసుకుంది. దాచడం చేతకాని మనిషి దాచబోతే ఏమవుతుందో అదే అయింది.

"ఏంది సిస్టరమ్మా, ఒంటి మనిషివి, దినానికి మూడు గుడ్లా?" అంది అంగడి వనజమ్మ.

"నీరసంగా ఉంటాంది."

"దూదికట్ట, గాజుగుడ్డ గూడా నీరసానికేనా?"

కరుణమ్మ తడబడి చిల్లర కూడా తీసుకోకుండా వచ్చేసింది. వనజమ్మ ఊరుకునే రకం కాదు. ఆ సాయంత్రం చిల్లర ఇచ్చే నెపంతో తోట దాకా వచ్చి కంచె అవతల చెవి పెట్టింది. లోపల్నుంచి సిస్టరమ్మ గొంతు వినిపించింది. "వచ్చినావా కుంటాయనా? తిను నాయనా, తిను. బయట తిరగాకు. నిన్ను చూసినారంటే వదలరు."

ఇంకో తాలూకాలో అయితే చుట్టమో పక్కమో వచ్చాడనుకునేవాళ్లు. మా తాలూకాలో దూదికట్ట, గాజుగుడ్డ, బయట తిరగాకు అన్న మాట మూడూ కలిస్తే అర్థం ఒక్కటే. దెబ్బతిన్న పార్టీ మనిషి ఎవడో దాక్కున్నాడు. మరునాటికి వాడు కుంటివాడని తేలింది. ఆ మరునాటికి వాడికి బుర్రమీసాలూ, చంకలో బాంబుల సంచీ కూడా వచ్చాయి. రెండు పార్టీలూ వాడు అవతలివాడేనని తీర్మానించుకున్నాయి.

ఏడో రోజు తెల్లవారగానే సుబ్బరాయుడు వచ్చాడు. ఊళ్లో ఒక పార్టీ నాయకుణ్ని అన్నా అని పిలిచే యాభైమందిలో అందరికంటే ముందు నడిచేవాడు. నిలువెత్తు మనిషి, చేతిలో వేటకొడవలి. వాడి నుదుటి మీద ఏడు కుట్లు వేసింది కరుణమ్మే.

"సిస్టరమ్మా, నువ్వంటే నాకు గౌరవం. నీ మీద చెయ్యి పడనీను. ఆ మనిషిని బయటికి పంపు."

"ఏ మనిషప్పా?"

"కుంటాయన. ఊరంతా తెలిసిపోయినాది."

నక్క సంగతి బయటపడిందేమోనని కరుణమ్మ చెట్ల వైపు చూసింది. వీళ్లు మనిషనుకుంటున్నారని అర్థమై మరుక్షణం నవ్వు వచ్చింది. ఎదురుగా ఉన్న రెండు బలమైన చేతుల వంక చూసింది. ఇన్ని రోజులుగా ఆమె వెతుకుతున్నవి అవే.

"చివరి వరస చెట్ల కింద పండుకోనుండాడు. రాత్రి నుంచి జ్వరంతో లేవలేకపోతాండాడు. నువ్వే పోయి పట్టుకో. ఆ కొడవలి ఈడ పెట్టి, ఈ గోనెసంచి తీసుకో."

"గోనెసంచి ఎందుకు?"

"చెప్పినట్ల చెయ్యప్పా."

సుబ్బరాయుడు కొడవలి కింద పెట్టలేదు గానీ సంచి తీసుకున్నాడు. పిల్లిలా అడుగులు వేసుకుంటూ చివరి వరస దాకా పోయి, కొమ్మలు పక్కకు తోసి, అలాగే నిలబడిపోయాడు.

"ఓయమ్మా! నక్క!"

"అరవాకు. సంచి దాని తలమీద కప్పి, మెడ వెనక పట్టుకో. గట్టిగా పట్టుకో, నలపొద్దు."

ఎందరి మీదనో పడ్డవాడు, ఆ రెండున్నర కేజీల ప్రాణిని పట్టుకోవడానికి కొడవలి పక్కన పడేసి, మోకాళ్ల మీద కూర్చుని చెమటలు కక్కాడు. సంచిలో నక్క గుండె వాడి అరచేతికి కొట్టుకుంటోంది. కరుణమ్మ కటింగ్ ప్లేరుతో వైరు తెంపి, మాంసంలో దిగిపోయిన ముక్కను మెల్లగా లాగింది. చీము పిండి, కడిగి, పొడి చల్లింది. సుబ్బరాయుడు మొహం పక్కకు తిప్పుకుని కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"కొడవలి పట్టుకుని తిరుగుతావే, ఇది చూడలేవా?"

"కొట్టి వచ్చేస్తాం గానీ సిస్టరమ్మా, తర్వాత ఇట్లుంటాదని ఎవురు చూసినారు?"

కరుణమ్మ చేతులు తుడుచుకుంది. ఇక నక్కను వదిలెయ్యమంది. సుబ్బరాయుడు వదల్లేదు.

"నామినేషన్ ఎల్లుండే. ఒక్కసారి అన్నకు చూపించి తెస్తా."

"తేవు. మీ చేతుల్లోనే చస్తాది. నువ్వు దాని మొహం చూసినావు గదా, పోయి నీ మొహం ఆయప్పకు చూపించు. చాలు."

వాడి చేతి కింద ఆ గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉంది. సంచి తీసేశాడు. కుంటాయన మూడు కాళ్ల మీద ఎగిరి దూరంగా నిలబడి, ఇద్దరినీ తిట్టినట్టు చూసి, చెట్లలోకి పోయాడు. తోటలో ఎవరూ లేరని సుబ్బరాయుడు ఊళ్లో చెప్పాడు. నక్క సంగతి మాత్రం మింగేశాడు.

మరునాడు కోడితలకాయల పొట్లంతో మళ్లీ వచ్చాడు. "ఉత్తగానే ఇటు పోతాంటి" అన్నాడు. ఉత్తగా పోయేవాడు ఆ తర్వాత రోజూ పోయాడు. వారానికి గాయం ఆరింది. పదిహేను రోజులకు కాలు నేలకు ఆనింది. అది మొదట చూసింది సుబ్బరాయుడే. "సిస్టరమ్మా, ఊనినాడు! కాలు ఊనినాడు!" అని వంటింటి దాకా పరుగెత్తుకొచ్చాడు. సొంత కొడుకు తొలి అడుగు వేసిన రోజు సుబ్బరాయుడు జైల్లో ఉన్నాడు. ఆ సంగతి వాడే చెప్పాడు, అడగకుండానే.

తర్వాత కుంటాయన తన ఆడదాన్ని వెంటబెట్టుకొచ్చాడు. గజ్జి పట్టి దాని తోక మీద వెంట్రుకే లేదు. సుబ్బరాయుడు దానికి వదిన అని పేరు పెట్టాడు. పులివెందులకు పోయి, పశువుల డాక్టరును బతిమాలి గజ్జి మాత్రలు తెచ్చాడు. కోడి కార్జంలో పెట్టి ఇచ్చేవాళ్లు. నెల తిరక్కుండా వదిన తోక మీద నూగు మొలిచింది. వాటిని చూస్తుంటే కరుణమ్మకు కడుపు నిండినట్టుండేది. కోడితలకాయల మనిషిని చూస్తున్నా అలాగే ఉండేది.

వాయిదాల మీద వాయిదాలు పడి, చివరికి ఓట్లు పడ్డాయి. సుబ్బరాయుడు అన్నా అని పిలిచే నాయకుడు పదహారు ఓట్లతో ఓడిపోయాడు. ఊరు బిగుసుకుపోయింది.

లెక్కింపు మరునాడు పట్టపగలే, గెలిచిన పార్టీ ఆదినారాయణ సింహాద్రిపురం దారిలో ఓడిన పార్టీవాళ్లకు ఒంటరిగా దొరికిపోయాడు. పిక్క మీద వేటు పడింది. తప్పించుకుని, చేలకడ్డంపడి, కంచె కింద దూరి తోటలో పడ్డాడు. కరుణమ్మ వాణ్ని చెట్టు కింద మంచం మీదికి చేర్చి సూదిలో దారం ఎక్కిస్తుండగానే పొట్లం పట్టుకుని సుబ్బరాయుడు వచ్చాడు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆదినారాయణ లేవబోయి కూలబడ్డాడు. కరుణమ్మ మధ్యలో నిలబడింది.

"ఇది నా తోట సుబ్బరాయుడూ. ఈడికి వచ్చినోడు నా పేషెంటు."

సుబ్బరాయుడు పిక్క మీద తెరుచుకున్న గాయాన్నే చూస్తున్నాడు. ఈసారి మొహం పక్కకు తిప్పుకోలేదు. అంతలో రోడ్డు మీద జీపు ఆగింది. కంచె అవతల నుంచి వాడి మనుషులే అరిచారు.

"సుబ్బరాయుడన్నా! వాడు ఇటే వచ్చినాడంట! ఆడెవురుండారు?"

కరుణమ్మ దేవుణ్ని తలుచుకుంది గానీ ఏమని అడగాలో తోచలేదు.

"నక్కలప్పా" అని గట్టిగా అరిచాడు సుబ్బరాయుడు. "సిస్టరమ్మ నక్కలకు వైద్యం చేస్తాది. మందు వేస్తాండాం. కుంటినక్క ఒకటి, బెదురు గొడ్డు. మీరు రాకండి. తొండూరు దిక్కు పోయి చూడండి."

అవతల ఎవడో నవ్వాడు. జీపు కదిలింది. ఆ చప్పుడు వినిపించనంత దూరం పోయేదాకా సుబ్బరాయుడు కంచె వైపే చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు మంచం మీద నుంచి, నెత్తురోడుతూనే, ఆదినారాయణ రోషంగా గొణిగాడు.

"నన్ను పట్టుకుని నక్కంటావా?"

"పులి అనుంటే తుపాకులు తెచ్చేవోళ్లు. నోరు మూసుకుని పండుకో."

కరుణమ్మకు నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో ఆమెకే తెలియలేదు. కళ్లద్దాలు తడిసిపోయి సూది కనిపించడం లేదు. ఆ ఇద్దరు మొండివాళ్ల మీదా ఆమెకు ఒక్కసారిగా పట్టరానంత ప్రేమ పుట్టుకొచ్చింది. సుబ్బరాయుడు పొట్లం పక్కన పెట్టి, మంచం కాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, ఆదినారాయణ కాలిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"గట్టిగా పట్టుకునేది, నలపకుండా. అంతే గదా సిస్టరమ్మా?"