రామవ్వ బర్రె చూసిన దిక్కు

పొద్దున పాలు పిండే ముందు రామవ్వ బర్రె మెడ మీద చెయ్యేసి అడిగేది: "ఏమే, నా కొడుకు గోపాల్ ఏడున్నడే?"

బర్రె నెమరు ఆపి కొమ్ములు పడమరకు తిప్పేది.

"ఆఁ, మస్కట్‌లనే ఉన్నడు" అని రామవ్వ నిమ్మళంగా చెంబు పట్టుకొని కూర్చునేది.

మంథనికి అవతల, గోదారి పక్కనున్న ఆ ఊళ్లో ఆ బర్రెను అడగనివాళ్లు లేరు. మేకపిల్ల తప్పిపోయినా, కల్లుకు పోయిన మొగుడు తిరిగి రాకపోయినా, పరీక్షనాడు పిల్లలు దాక్కున్నా దాని దగ్గరికే వచ్చేవాళ్లు. పేరు చెబితే అటు తిరిగి నిలబడేది. ఆ మనిషి ఈ నేల మీదుంటే కళ్లు తెరిచి చూసేది, సముద్రం అవతలుంటే కళ్లు మూసుకునేది. సగం ఇళ్ల మొగవాళ్లు గల్ఫ్‌లోనే ఉన్నారు కనుక దానికి కళ్లు మూసుకునే పనే ఎక్కువ. "మా బర్రె" అనేటప్పుడు రామవ్వ మెడ కూడా కొంచెం పైకి లేచేది.

రామవ్వ కోడలు నవనీత బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఆ రోజు పప్పుకు తాలింపు పెడుతుంటే తరగతిలోంచి రామచంద్రం సారు గొంతు వినబడింది.

"లొకేటర్ అంటే జాడ చెప్పేది. ఏది ఏడుందో చూపెట్టేది. ఏమేం పనులకు వాడుతరో ఇగ మీరే చెప్పుండ్రి."

"పోయిన ఫోన్ దొరకవట్టెటందుకు సార్!"

"బస్సు ఏడిదాక వచ్చిందో చూసెటందుకు!"

"అంబులెన్స్‌కు మన ఇంటి తొవ్వ తెలిసెటందుకు!"

అలేఖ్య అనే పిల్ల లేచింది. "రామవ్వ బర్రె గూడ లొకేటరే సార్!"

ఎవరూ నవ్వలేదు. "ఎందుకు కాదు? మంచిగ చెప్పినవ్" అని సారు బోర్డు మీద ఫోను, బస్సుల కింద బర్రె పేరు కూడా రాశాడు. వంటగదిలో నవనీత వీపు నిటారైంది.

"ఒక్క ముచ్చట యాదుంచుకోండ్రి" అన్నాడు సారు. "దాన్ని సగమే చూసి సంబురపడొద్దు. దిక్కు చూసి దూరం చూడకపోతె, పక్కూరికీ పట్నానికీ తొవ్వ ఒక్కతీరే కొడుతది. ఇంకోటి. లొకేటర్ ఏడున్నరో చెప్తది, ఎందుకున్నరో చెప్పది. గది మనమే పోయి అడగాలె."

నవనీత చేతిలో గరిటె ఆగిపోయింది. పొద్దున బర్రె పడమరకే తిరిగింది, నిజమే. కాని కంటి మీద ఈగ వాలితే టక్కున రెప్ప కొట్టింది. మూసిన కంటికి రెప్ప కొట్టే పనేముంది?

తాలింపు మాడింది.

బడి వదలగానే కొట్టంలోకి పోయి మొగుడి పేరు తనే అడిగింది. బర్రె పడమరకు తిరిగింది. కళ్లు ఇంతింత తెరిచి ఉన్నాయి. వెంటనే ఫోన్ చేసింది.

"ఏడున్నవ్?"

"ఏడుంట? మస్కట్‌ల. డ్యూటీల ఉన్న" అన్నాడు గోపాల్. వెనక గుడిగంట మోగింది. "కొండగట్టు అంజన్నకు కొబ్బరికాయలమ్మా!" అని ఎవరో అరిచారు.

ఇంకో ఇల్లు పెట్టుకున్నాడా? ఎందుకున్నడో పోయి అడగాలె, అంతే. తెల్లారి అత్తకు మొక్కుందని చెప్పి కొండగట్టు బస్సెక్కింది.

కొండ మీద గుడికి పోయే దారి పక్కన ఒక దుకాణం ముందు, నడుముకు గోనెపట్ట చుట్టుకొని కాయల పీచు తీస్తున్నాడు గోపాల్.

"ఒక కాయ కొట్టియ్యి" అంది.

తలెత్తి చూసిన అతని చేతిలోంచి కాయ జారిపోయింది.

"కంపెని మూతవడ్డది" అన్నాడు. "ఉగాదికి ముందే అందర్ని ఎల్లగొట్టిండ్రు. పోయిననాడు ఊరంత దండలేసి బస్సెక్కిచ్చిరి. కారుల వస్తనని నేను ఒర్రితి. ఒట్టి సంచితోని ఏ మొఖం వెట్టుకొని రావాలె?"

"ఎవ్వలున్నరు నీతోని?"

"గీ కాయలున్నయి."

నవనీత అతని అరచేతులు తిప్పి చూసింది. పీచుకు పగిలి, చెట్టు బెరడులా ఉన్నాయి. ఆమె గుండె మీది రాయి దిగింది.

"గివా దాసుకుంటున్నవ్? గివి చూపెట్టుకునే చేతులు. ఇంటికి పా."

"పొద్దూకనియ్యి. చీకట్ల ఎవ్వలు చూడరు."

"చీకట్ల వచ్చెటందుకు దొంగవా? పొద్దుండంగనే, నడిబజార్లకెల్లి పోదాం."

అలాగే వచ్చారు. ఆటో దిగగానే సత్తమ్మ కేకేసింది. "గోపాలా! ఏదిరా కారు?"

"కారు రాలే సత్తమ్మత్తా, మనిషొచ్చిండు" అని నవనీత మొగుడి ముందు నడిచింది. పండుగనాడు బోనమెత్తుకున్నట్టు నడిచింది. వీధి అరుగుల మీద ఉన్నవాళ్లు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. ఒకరిద్దరు వెంట నడిచారు.

రామవ్వ కొడుకును కావలించుకొని ఏడ్చి, కళ్లు తుడుచుకొని, బర్రె మీద కోపం తెచ్చుకుంది. "దగ్గరనే ఉన్నడని ఇన్నొద్దులు చెప్పకపోతివేందే?"

"చెప్పింది అత్తా" అంది నవనీత. "మనం కొమ్ములు చూసినం, కండ్లు చూడలే."

తెల్లారి గోపాలే పాలు పిండటానికి కూర్చున్నాడు. రామవ్వ అలవాటు కొద్దీ బర్రె మెడ మీద చెయ్యేసి, "ఏమే, నా కొడుకు ఏడున్నడే?" అనేసింది.

బర్రె గిరుక్కున వెనక్కి, గోపాల్ దిక్కు తిరిగింది. చెంబు దొర్లి పాలన్నీ నేలపాలయ్యాయి.

ఆ పూట ఆ ఇంట్లో నల్ల చాయే తాగారు. పాలెందుకు లేవో రామవ్వ వాడంతా తిరిగి చెప్పుకుంది.