బతికున్నవాడి పేరు

"సమాఖ్య మనిషి మన శ్మశానం మీద కన్నేశాడు" అని పొరుగింటి అలెగ్రియా తొలెదానో పొద్దున్నే వచ్చి చెప్పేసరికి మోయిసెస్ అసయాగ్ కాఫీ కప్పు పక్కన పెట్టేశాడు. ఆ మనిషి తప్పులు పట్టడానికే వచ్చాడన్న అనుమానం ఆయనకూ ఉంది. ఇంకొకరి నోట వినేసరికి దానికి కాళ్లొచ్చాయి.

సమాఖ్య అంటే దేశదేశాల్లోని యూదు సంఘాలన్నీ కలిసి పెట్టుకున్న పెద్ద సంఘం. అడవి నడుమ నదిఒడ్డు ఊరైన ఇకీతోస్‌లోని యూదుల సంఘానికి మోయిసెస్ అధ్యక్షుడు. సమాఖ్య మహాసభల్లో ఆయనకు వెనక వరసలో కుర్చీ వేస్తారు గాని, మాట్లాడనివ్వరు, ఓటు వెయ్యనివ్వరు. రబ్బరు బేరానికి మొరాకో నుంచి వచ్చినవాళ్ల మనవలు ఈ నది ఒడ్డున ఏపాటి యూదులుగా మిగిలారో అని ముందు వరసల్లో గొణుక్కోవడం ఆయన చెవులారా విన్నాడు. పూర్తి సభ్యత్వం వస్తే ఆ నోళ్లు మూతపడతాయి. తాను కన్ను మూసేలోగా అది చూడాలని ఆయన కోరిక. సభ్యత్వం ఇవ్వాలా వద్దా అని విచారించడానికే సమాఖ్య తరఫున బ్వేనోస్ ఐరెస్ నుంచి నౌమ్ రుబిన్‌స్కీ దిగాడు.

"అసలేమన్నాడు?" అన్నాడు మోయిసెస్.

"మా మనవణ్ణి పేరడిగాడు. జాకోబో తొలెదానో, మా తాత పేరే అన్నాడు వాడు. అంతే! గుండె మీద చెయ్యేసుకుని, మీవారు ఎప్పుడు పోయారమ్మా అని నన్నడిగాడు. నిక్షేపంలా ఉన్న మొగుణ్ణి పట్టుకుని! తర్వాత శ్మశానానికి దారెటు అన్నాడు. తుపుక్కున ఉమ్మి తలుపేశాను."

"ఉమ్మితే ఉమ్మావు గాని, ఆయన మీద పడలేదు కదా?" అంది లోపల్నుంచి మోయిసెస్ భార్య సీమీ. "మనకింకా ఓటు రావాలి తల్లీ."

మోయిసెస్ నవ్వలేదు. మోటార్ రిక్షా ఎక్కి శ్మశానానికి పోయాడు. అక్కడ రుబిన్‌స్కీ వంగి, సమాధి రాళ్ల మీద నాచు గీకి మరీ పేర్లు చదువుతున్నాడు.

"ఎవరికోసం వెతుకుతున్నారు?"

రుబిన్‌స్కీ ఉలిక్కిపడ్డాడు. "జాకోబో తొలెదానో."

"ఆయన కొట్లో టార్చిలైట్లు అమ్ముకుంటున్నాడు. పదండి, బేరమాడి ఒకటి కొనుక్కోండి."

రుబిన్‌స్కీ చెమట తుడుచుకున్నాడు. తమవైపు యూదుల్లో బతికున్నవాళ్ల పేరు పిల్లలకు పెట్టరనీ, పెడితే మృత్యువుకు కబురంపినట్టేననీ చెప్పాడు. సభ్యుల జాబితాలో ఒకే పేరు రెండుసార్లు కనిపిస్తే, తలల లెక్క పెంచుకోవడానికి చచ్చినవాణ్ణి కూడా కలిపారని అనుకున్నాడట.

"మావైపు తాత బతికుండగా పెడితేనే గౌరవం. దేశాలన్నీ తిరిగే మీకు ఈమాత్రం తెలియదా?"

"తెలుసు. కాని మొదట తట్టేది అనుమానమే కదా."

ఆ ఒప్పుకోలుతో మోయిసెస్‌కు మరింత చిర్రెత్తింది. తెలిసీ రాళ్లు గీకుతున్నాడంటే సాకు కోసం వచ్చాడన్నమాట.

"రేపు మీ మనవడికి సున్తీ చేసి పేరు పెడతారు కదా," అన్నాడు రుబిన్‌స్కీ గొంతు తగ్గించి. "సమాఖ్య ఆఫీసులో అంతా మావైపు వాళ్లే. వాళ్లకు మీ మీద ముందే నమ్మకం లేదు. అధ్యక్షుడి ఇంట్లోనే ఇద్దరు మోయిసెస్‌లుంటే నేనేం చెప్పను? ఈ ఒక్కసారికి వేరే పేరు పెట్టండి. మీ మంచికే."

మంచికో, ఉచ్చుకో! ఆ సాయంత్రం మోయిసెస్ కొడుకు ఎలియాస్‌ను పిలిచాడు. "బాబుకు లియోన్ అని పేరు చెప్పు."

"నీ పేరు నీకే చేదయిందా నాన్నా? పెళ్లయిన దగ్గర్నుంచీ, నా పేరువాడు ఎప్పుడొస్తాడ్రా అని మా ప్రాణం తోడావు కదా!"

"చెప్పింది చెయ్యి. ఊరంతటి పరువు ఒక పేరు మీద వేలాడుతోంది."

"పేరు మారిస్తే ఓటు ఇస్తామని ఆయన రాసిచ్చాడా?"



మర్నాడు ప్రార్థన గది కిటకిటలాడింది. అలెగ్రియా తన మొగుణ్ణి తీసుకొచ్చి సరిగ్గా రుబిన్‌స్కీ కళ్లెదుట కూర్చోబెట్టింది. "దగ్గవయ్యా, బతికున్నావని తెలియాలి" అంది. మోయిసెస్ ఒళ్లో పసివాణ్ణి పెట్టారు. సున్తీ చెయ్యడానికి లీమా నుంచి వచ్చిన పెద్దాయన పని ముగించి, మంత్రం చదువుతూ, పేరేమిటన్నట్టు ఎలియాస్ వైపు వంగాడు.

గోడకు ఆనుకున్న రుబిన్‌స్కీ మెడ ముందుకు సాగింది. మోయిసెస్ అది చూశాడు. ఇప్పుడు పేరు మారిస్తే ఇన్నాళ్లూ దొంగ లెక్క చెప్పామని తామే ఒప్పుకున్నట్టు! ఇవాళ పేరు అడిగినవాడు రేపు ఇంకేమడుగుతాడు?

"లి..." అన్నాడు ఎలియాస్.

"మోయిసెస్," అన్నాడు మోయిసెస్ గట్టిగా. "మోయిసెస్ అసయాగ్. తాత పేరు. తాత ఇదిగో, ఇక్కడే ఉన్నాడు."

అందరూ ఆమెన్ అన్నారు. రుబిన్‌స్కీ ఆమెన్ కాస్త ఆలస్యంగా వినిపించింది.

విందు దగ్గర రుబిన్‌స్కీ మోయిసెస్ పక్కకొచ్చి నిలబడ్డాడు. "నా మాట వినలేదు. ఈ ఇద్దరు మోయిసెస్‌లూ వేరువేరని మహాసభలో లేచి చెప్పగలరా?"

"నన్ను లేవనిస్తే కదా!"

"అయితే నేనే చెప్పాలి," అన్నాడు రుబిన్‌స్కీ.

అది హామీయో బెదిరింపో మోయిసెస్‌కు అంతుపట్టలేదు. ఆయన ముఖంలోకి తేరిపార చూశాడు. ఏమీ దొరకలేదు. ఒళ్లో మనవడు గుక్కపట్టి ఏడుస్తుంటే, వాణ్ణి భుజాన వేసుకుని, చేప ఉన్న పళ్లెం రుబిన్‌స్కీ వైపు జరిపాడు.

"తినండి. మన ధర్మం ఒప్పుకునే పొలుసున్న చేపే. కావాలంటే వంటగదిలోకెళ్లి పొలుసు చూసుకోండి."