ఎదలో దుమ్ము

పలకల ఫ్యాక్టరీ ఏడింటికి తెరుస్తారు. ఆరున్నరకే యాకోబు ఇంటిముందర జనం నిలబడతారు.

"నాకెంతుంది మామా?" అని సుబ్బులు అడుగుతుంది.

యాకోబు ఆమె ఎదవైపు కాసేపు చూసి, ఎసరు కొలిచినట్టు వేళ్లు చూపిస్తాడు. "మూడు వేళ్లు. బెల్లం తింటున్నావా?"

"రోజూ ఒక ముక్క."

"రెండు తిను." సుబ్బులు తలూపి పనికి పోతుంది.

ముప్పయ్యేళ్లు రాయి చీల్చిన యాకోబుకు కుడికంట్లో రెటీనా ఊడింది. ఒంగోలులో ఆపరేషన్ చేసి, కంట్లో నూనె పోసి, నెలరోజులు బోర్లా పడుకోమన్నారు. బరువులెత్తొద్దన్నారు. నూనె తీసేదాకా అద్దాల నంబరు నిలబడదన్నారు. నిలబడలేదు గూడా. నంబరు ఆరున్నప్పుడు రాళ్లలోపలి పొరలు కనపడినాయి. ఐదుకు దిగినంక మనుషుల ఎదల్లో పేరుకున్న పలకదుమ్ము కనపడింది.

"ఐదుకు అంతేలే అన్నా," అన్నాడు అద్దాల దుకాణం వలి బాషా, కార్డు మీద రాసుకుంటా. "నూనె తీస్తే రెండుకొస్తది. అప్పుడు నీకూ అందరి మాదిరే."

అందరికీ ఉన్నదున్నట్టు చెప్పినాడు యాకోబు, ఒక్క పెళ్లానికి తప్ప. మగ్దలీనమ్మ ఇరవై ఎనిమిదేళ్లుగా కోతమిషను మీద ఉంది. ఆమెకు దుమ్ము గొంతుదాకా వచ్చింది. "నాకో?" అని అడిగితే, "రెండు వేళ్లు" అనేసినాడు. పాపిష్టి మాట, ఎంత సులభంగా వచ్చిందో. అది ప్రేమ అనుకున్నాడు పిచ్చోడు. ఆమె ఏడిస్తే చూడలేని పిరికితనం, అంతే.

ఆ మాట నమ్మి మగ్దలీనమ్మ ఆర్నెల్లు దగ్గుకుంటానే పనికి పోయింది. ఆ ఫ్యాక్టరీలో తల్లి దిగిపోతే మిషను కూతురికిస్తారు. ఆయాసం ఎక్కువై ఆమె దిగిపోతానంటే, కూతురు భాగ్య గిద్దలూరు కాలేజీ మానేసి వచ్చి మిషనెక్కింది.

రేపు నూనె తీస్తారనంగా సాయంత్రం భాగ్య తలగుడ్డ విప్పుకుంటా వచ్చి తండ్రి ముందర కూర్చుంది. "రేపట్నుంచి నీకు కనపడదు గదా నాయనా. నాకూ చూడు."

మిషనెక్కిన వారానికి పట్టిన దుమ్ము. "గోరంత ఉంది," అన్నాడు.

భాగ్య నవ్వింది. "అమ్మకు అన్నేళ్లకు రెండు వేళ్లే. నేను ముసలిదాన్నయ్యేదాకా ఏం గాదు."

"రెండు వేళ్లు గాదమ్మా," అన్నాడు యాకోబు. "మీ అమ్మకు గొంతుదాకా ఉంది. మొదటిరోజే చూసినా."

పొయ్యికాడున్న మగ్దలీనమ్మ వెనక్కి తిరగలేదు. "అప్పుడే చెప్పింటే ఆర్నెల్లు తక్కువ మింగేదాన్ని గదయ్యా," అనింది. తర్వాత కూతురితో, "నువ్వు సోమవారం కాలేజీకి పో. మిషను నేను చూసుకుంటా," అనింది.

"నువ్వెట్ల పోతావమ్మా?"

"నాకెట్లాగూ నిండింది. నీకు నిండనియ్యను."

భాగ్య సోమవారం ఏడ్చుకుంటానే గిద్దలూరు బస్సెక్కింది. ఫ్యాక్టరీ మెట్లు మళ్లా తొక్కలేదు.

నూనె తీసినంక నంబరు రెండుకొచ్చి నిలబడింది. వలి బాషా కొత్త అద్దాలిచ్చినాడు. మర్నాడు పొద్దున పనికి పోతా మగ్దలీనమ్మ మొగుడి ముందర ఆగింది.

"ఇప్పుడెంతుంది?"

యాకోబు అద్దాలు తుడుచుకొని మళ్లా చూసినాడు. ఆమె చీర పువ్వులు తేటగా కనపడినాయి.

"ఏమీ కనపడ్డంలేదు," అన్నాడు.

ఈసారి చెప్పింది నిజమే. ఆమె నమ్మలేదు.