గోడకు ఆనిన కాళ్లు

మా వదినా నేనూ ఒకే బట్టల ఫ్యాక్టరీలో పనిచేస్తాం. తను చొక్కాలు ఇస్త్రీ చేస్తుంది, నేను పక్కన నిలబడి మడతపెడతాను. నిలబడీ నిలబడీ ఆమె పిక్కల మీద నరాలు వానపాముల్లా ఉబ్బాయి. మధ్యమధ్య కూర్చోకపోతే పుండు పడుతుందని డాక్టరు చెప్పాడు. కూర్చోవడానికి మాకు స్టూళ్లు ఉండేవి. మేనేజరు వాటిని ఎత్తించి మూలన పేర్పించాడు. ఆ ఖాళీలో యోగా నేర్పిస్తారట. పనివాళ్లకు ఒత్తిడి ఎక్కువైందని ఆయనకు ఎవరో చెప్పారు.

ఆ యోగా అంటేనే నాకు రోత. ముందు షిఫ్టువాళ్లు వాడిన చాపలే మాకూ ఇస్తారు. వాటిని కడిగిన పాపాన ఎవరూ పోలేదు. మోకాళ్ల మీద వంగి నుదురు చాపకు ఆనించమంటుంది యోగా మేడం. ఆనించగానే ఎవరి చెమటో, ఎవరి పాదాల కంపో ముక్కులోకి కొడుతుంది. సరిగ్గా అప్పుడే గాఢంగా ఊపిరి పీల్చమంటుంది.

పాపం, మేడం మంచిదే. వదిన కాళ్లు చూసి, వెల్లకిలా పడుకుని కాళ్లు గోడకు ఆనించమంది. నిజంగానే హాయిగా ఉందని వదిన కళ్లు మూసుకుని నవ్వింది. ఆ నవ్వును మేనేజరు ఫొటో తీయించి గేటు దగ్గర తగిలించాడు.

మర్నాడు వదిన స్టూలు అడిగింది. ఆయన ఆమెను ఆ ఫొటో దగ్గరకు తీసుకెళ్లి, ఇంత హాయిగా ఉన్నదానివి నీకు స్టూలెందుకని పళ్లికిలించాడట. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. ఆయన మొహాన ఉమ్మేయాలనిపించింది నాకు.

తర్వాతి క్లాసుకు ఫొటోలతను మళ్లీ వచ్చాడు. పెద్దవాళ్లెవరో ఫ్యాక్టరీ చూడటానికి వస్తున్నారు, కొత్త ఫొటో కావాలి. వదినను అలాగే పడుకుని నవ్వమన్నాడు మేనేజరు. వదిన పడుకుంది. కాళ్లు పైకెత్తే ముందు ప్యాంటును మోకాళ్ల దాకా మడిచింది. ఉబ్బిన నరాలు, చీలమండ దగ్గర నల్లబడి రసి కారుతున్న చోటు, అన్నీ బయటపడ్డాయి. పుండు అప్పటికే పడింది. నాక్కూడా చెప్పలేదు.

"ఛీ, కప్పుకోమ్మా. చూడలేకపోతున్నా," అన్నాడు మేనేజరు.

"ఈ కాళ్ల మీద నిలబడే కదా సార్, మీ చొక్కాలన్నీ ఇస్త్రీ చేసేది. తీయించండి ఫొటో."

పక్కవాళ్లూ ఒక్కొక్కరే ప్యాంట్లు మడిచి కాళ్లు గోడకు ఎత్తారు. నేనూ ఎత్తాను. ఆయన జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని అటు తిరిగిపోయాడు. మా చాపల కంపు ఏనాడూ దగ్గరికొచ్చి చూడని మనిషి, మా కాళ్లకు ముక్కు మూసుకున్నాడు.

వదిన మెల్లగా లేచింది. మూలకు వెళ్లి, ఒక స్టూలు లాగి, ఇస్త్రీ బల్ల దగ్గర వేసుకుని కూర్చుంది. ఆ వెనకే మిగతావాళ్లూ లేచి తలా ఒకటి తెచ్చుకున్నారు.

మేనేజరు ఇంకా అటే తిరిగి ఉన్నాడు. ఇటు తిరగమని ఆయన్ను ఎవరూ పిలవలేదు.