సున్నా రావాల్సిన పరీక్ష

మాస్టారి భార్య పోయిన రోజున పలకరించడానికి వచ్చినవాళ్లంతా ఒకటే మాట అన్నారు: "చెప్పాపెట్టకుండా పోయింది మహాతల్లి." మాస్టారు మాటలు తూచి వాడే మనిషి. అది నిజం కాదని ఆయనకు తెలుసు. ఏడుస్తున్నవాళ్ల వాక్యాలు దిద్దకూడదని ఊరుకున్నారు.

ఆవిడ రక్తం ముందే చెప్పింది.

న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరిన మూడో రోజు ఉదయం ఆవిడకు జ్వరం దిగింది. ఆక్సిజన్ మాస్కు పక్కకు జరిపి, "ఏమండీ, గడ్డం గీసుకోండి. రోగి ఎవరో తెలియడం లేదు" అంది. మాస్టారికి ప్రాణం లేచి వచ్చింది. అంతలో నర్సు రక్తపరీక్ష కాగితం తెచ్చి పెట్టింది. అందులో ప్రోకాల్సిటోనిన్ అని ఏదో ఉంది. చేరిన రోజు ముప్పై ఆరు, ఇవాళ డెబ్బై రెండు. పేపర్లు దిద్ది దిద్ది అరిగిన కళ్లు ఆయనవి. ముప్పై ఆరంటే అత్తెసరు, డెబ్బై రెండంటే ఫస్టు క్లాసు. వెంటనే వరండాలోకి వెళ్లి మరదలికి ఫోను చేశారు. "మీ అక్క గట్టెక్కిందమ్మా, నువ్వు హైరానాపడి రానక్కర్లేదు."

తల్లి కుట్టుమిషను ఎవరికి చెందాలన్న దగ్గర మాటామాటా పెరిగి, ఆ అక్కచెల్లెళ్లకు ఏళ్లుగా మాటల్లేవు. చెల్లెలు ఎలాగో మనసు చేసుకుని బట్టలు సర్దుకుంది. ఆ ఫోనుతో సంచి కింద పెట్టేసింది.

డాక్టరమ్మ రాగానే మాస్టారు కాగితం చూపించి, "బాగా మెరుగైందండీ" అన్నారు. ఆవిడ ఆయన్ని వరండాలోకి తీసుకెళ్లి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"మాస్టారూ, ఇవి మార్కులు కావండీ, ఒంట్లో ఇన్ఫెక్షన్ ఎంతుందో చెప్పే అంకెలు. ఈ పరీక్షలో సున్నాకి ఎంత దగ్గరగా వస్తే అంత మంచిది. మందు పనిచేస్తుంటే ఈపాటికి బాగా దిగాలి. రెట్టింపైంది."

"జ్వరం తగ్గింది కదండీ?"

"పోరాడే ఓపిక లేక కూడా ఒళ్లు చల్లబడుతుంది. ఈ ఒక్క అంకె చూసి తీర్పు చెప్పను. ఊపిరీ బీపీ కూడా అదే అంటున్నాయి. మందు మారుస్తాను. మాట్లాడాల్సినవాళ్లుంటే మాత్రం ఇవాళే పిలిపించండి. రేపు గొంతులో గొట్టం వేస్తే మాట ఉండదు."

మాస్టారు మళ్లీ ఫోను చేశారు. "నేను తప్పు చదివానమ్మా. బయలుదేరు."

సాయంత్రానికి మరదలు మంచం పక్కన నిలబడింది.

"మిషను కోసం వచ్చావా?" అంది అక్క.

"నీ తుప్పు మిషను ఎవరిక్కావాలే. నీ మొహం చూద్దామని వచ్చా. అదీ తుప్పు పట్టే ఉంది."

అక్క నవ్వింది, దగ్గింది, మళ్లీ నవ్వింది. చెల్లెలు ఆవిడ జడ విప్పి చిక్కు తీస్తుంటే ఇద్దరూ గుసగుసలాడుకున్నారు. ఆ మాటలు మాస్టారు వినలేదు. వినాలనీ అనుకోలేదు. తలుపు దగ్గరగా వేసి బయట నిలబడ్డారు.

మర్నాడు గొట్టం వేశారు. ఆ తర్వాత ఆవిడ కళ్లు తెరవలేదు.

పలకరింపులన్నీ అయ్యాక మాస్టారు ఆసుపత్రికి వెళ్లారు. "చూద్దాం లెండి" అని తప్పించుకోవడం ఏ డాక్టరుకైనా తేలిక. డాక్టరమ్మ కష్టమైన మాటను వేళకు చెప్పింది, అందుకే అక్కచెల్లెళ్లకు ఒక సాయంత్రం దక్కింది. ఆయన వెళ్లేసరికి ఆవిడ ఇంకెవరికో ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. అడ్డుపడడం ఇష్టంలేక తిరిగి వచ్చేశారు.

డాక్టరమ్మకు కృతజ్ఞత ఇంకా చెప్పలేదు.