నం. అంటే నంద్యాల

మా వంటింట్లో పోపుల డబ్బా పక్కన నల్ల అట్ట నోటుబుక్కు ఒకటి ఉండేది. మొదటి నాలుగు పేజీల్లో నిమ్మకాయ ఊరగాయ కొలతలు, ఆ తరువాతవన్నీ యూనిక్స్ అతుకులు.

మా ఆయన యాకోబు నంద్యాలలో ఒక విత్తనాల కంపెనీలో పని చేసేవారు. ఆ కంపెనీకి ఆళ్లగడ్డలో పెద్ద గోదాము ఉంది. నంద్యాలలో ఒక కంప్యూటరు, ఆళ్లగడ్డలో ఒకటి. రెండింటి బాగోగులూ ఈయనవే. హైదరాబాదులో మూడు వారాలు శిక్షణ ఇప్పించారు. మూడు వారాల్లో నేర్చుకున్నది మూడు నెలల్లో మరచిపోవడం ఆయన తప్పని నేననను. నేను మూడేళ్ళు చదివిన బీయస్సీ గణితం తొమ్మిదేళ్ళుగా బియ్యానికి ఎసరు కొలవడానికే పనికొచ్చింది.

ఆ కంప్యూటర్లను నడిపే యూనిక్స్ అనే ప్రోగ్రాముల్లో ఏదైనా తప్పు బయటపడితే, అమ్మినవాళ్ళు దాని సవరణను ఫ్లాపీ మీద పంపేవాళ్ళు. దాన్ని ప్యాచ్ అంటారు. నేను అతుకు అనేదాన్ని. చినిగిన చోట కొత్త గుడ్డ వేసి కుట్టడమే కదా. తేడా ఒక్కటే: తీసేసిన పాత ముక్కను పారేయకుండా, ప్రతి అతుకూ తన కింద దాచుకుంటుంది, ఎప్పుడైనా విప్పవలసి వస్తే పనికొస్తుందని. ఏ యంత్రానికి ఏ అతుకు ఎప్పుడు వేశారో, వాళ్ళు పంపిన కాగితం ప్రకారం ఏ ప్రశ్నకు ఏ జవాబు కొట్టాలో వరస తప్పకుండా రాసిపెట్టుకోవాలి. మా ఆయన దస్తూరి ఆయనకే అర్థం కాదు. అందుకని అన్నం తింటూ ఆయన చెప్పేవారు, నేను రాసేదాన్ని. ఫ్లాపీలు ఇంటికి తేకూడదని కంపెనీ రూలు. అవి టిఫిను కారియరు సంచీలో వచ్చి, నా చేత పేర్లు రాయించుకుని, మళ్ళీ అదే సంచీలో వెళ్ళిపోయేవి.

రెండేళ్ళు గడిచేసరికి చెప్పేది నేను, వినేది ఆయన అయింది. ఆ సంగతి మా ఇద్దరికి తప్ప ఇంకెవరికీ తెలియదు. మా ఇద్దరిలో కూడా ఆయనకు కొంచెం తక్కువగానే తెలుసు.

ఎనభై ఎనిమిది మే నెలలో కోయిలకుంట్ల మిషను బడి నుంచి నాకు లెక్కల టీచరుగా ఆర్డరు వచ్చింది. సోమవారం వెళ్ళి అక్కడే హాస్టల్లో ఉండి, శనివారం ఇంటికి రావచ్చు. మా ఆయన వద్దనలేదు. అది నిజంగా చెప్పుకోవాలి. వద్దంటే పోట్లాడవచ్చు. ఆయన అన్నది, ఈ అయిదో అతుకు ఒక్కటీ అయిపోనీ అని. బడికి ఉత్తరం రాసి పది రోజులు గడువు అడిగాను. తరువాత ఆరు, ఏడు వచ్చాయి. ఈ రెండూ అయిపోనీ అన్నారు. మళ్ళీ ఉత్తరం రాశాను. ఈసారి హెడ్మిస్ట్రెస్ సువార్తమ్మగారు కార్డు మీద రెండే వాక్యాలు రాశారు: జూన్ పదిహేడు, శుక్రవారం, బడి వదిలేలోపు వచ్చి సంతకం పెట్టవలెను. లేనియెడల జాబితాలో రెండో పేరును పిలుచుకుంటాము.

శుక్రవారం పొద్దున నేను బ్యాగు సర్దుకుని చెప్పులు వేసుకుంటుండగా ఆఫీసు నుంచి మనిషి వచ్చాడు. ఆళ్లగడ్డలో కంప్యూటరు ఎవరినీ లోపలికి రానివ్వడం లేదట.

మా ఆయన నా బ్యాగు వైపు చూశారు, తరువాత పోపుల డబ్బా వైపు చూశారు.

“ఆళ్లగడ్డ నుంచి గూడా కోయిలకుంట్లకు బస్సుంటాది ప్రేమా. అరగంట పని. తోడు రా.”

నోటుబుక్కు నా బ్యాగులో చేరింది, చీరల కింద.

పదకొండుకు గోదాము చేరాం. అక్కడి మేనేజరు ఆదిశేషయ్యకు వేరుశనగ గింజను చేతిలో తిప్పి ఎంత శాతం మొలుస్తుందో చెప్పగలడని పేరు. కంప్యూటరు గురించి ఆయనకు తెలిసింది ఒకే విషయం, దానికి దుమ్ము పడదని. చెప్పులు బయట విప్పించాడు. మమ్మల్ని లోపలికి పంపి, తానూ వచ్చి, తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. యంత్రం బాగయ్యేదాకా తలుపు తెరిచేది లేదన్నాడు. బయట వానకు ముందు విత్తనం కోసం వచ్చిన రైతులు. యంత్రం చీటీ ఇస్తే తప్ప మూట కదలదు. నన్ను చూసి ఈమె ఎవరని అడిగితే, బస్సు టైముదాకా కూర్చుంటుందని మా ఆయన చెప్పారు. కోయిలకుంట్ల బస్సు రెండు గంటలకు. దాని తరువాతది అయిదుకు, బడి నాలుగుకే వదులుతారు.

ఆ గదికి కిటికీలు లేవు. ఏసీ చలికి కొంగు కప్పుకుని మూల స్టూలు మీద కూర్చున్నాను. అక్కడి ఆపరేటరు భ్రమరాంబ, టైపిస్టుగా చేరి ఈ పనిలో పడిన పిల్ల, జరిగేది చూపించింది. యంత్రం పేరు అడుగుతుంది. ఇస్తే రహస్యపదం అడుగుతుంది. అదీ ఇస్తే, ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, మళ్ళీ పేరు అడుగుతుంది. ఎన్నిసార్లు చెప్పినా విననట్టే. ఇలాంటి సంభాషణ నాకు కొత్త కాదు.

మా ఆయన యంత్రాన్ని ఆపి, ఒక్క మనిషికి మాత్రమే లోపల చోటుండే పద్ధతిలో మళ్ళీ లేపారు. తెర మీద దడిలాంటి హ్యాష్ గుర్తు (#) ఒక్కటే నిలబడింది, ఇక ఏం చేయాలో చెప్పమన్నట్టు. అప్పుడు ఏయే అతుకులు వేశావని భ్రమరాంబను అడిగారు. ఆ పిల్ల ఫ్లాపీల డబ్బా తెచ్చింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. రెండు యంత్రాలూ ఒకే ఈడువి కావు. అయిదో అతుకు నంద్యాలకు వేరు, ఆళ్లగడ్డకు వేరు. ఆరు, ఏడు మాత్రం రెండింటికీ ఒకటే. అందుకని ఫ్లాపీల మీద నేను ఒకదానికి ‘నం. 5’ అని, ఒకదానికి ‘ఆ. 5’ అని రాశాను. మా ఆయన రెండింటినీ ఒకే డబ్బాలో పెట్టి ఆళ్లగడ్డకు పంపారు.

భ్రమరాంబ ‘నం. 5’ చూపించి ఇది వేశానంది. తరువాత ఆరు, ఏడు వేసిందట. ‘ఆ. 5’ మాత్రం విడిగా, కుంకుమ బొట్టు పెట్టిన కవరులో భద్రంగా ఉంది.

“నం. అంటే నంబరనుకుంటి గదా అక్కా,” అని నా చెవిలో అంది. “ఆ. అంటే ఆదివారం. గోదాము మూసినప్పుడు ఏద్దామని దాచిపెడితి.”

ఆ పిల్ల మీద కోపం రాలేదు. నేనైనా అలాగే చదివేదాన్నేమో. ఫ్లాపీ మీద నా గుండ్రటి అక్షరాలు, నల్లబల్ల మీద ఉండవలసినవి, నా వైపే చూస్తున్నాయి.

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కంగారులో ఆయన చేసేదేమిటో నాకు తెలుసు: తప్పు అయిదులో ఉంది కాబట్టి నేరుగా అయిదునే పీకబోతారు. కానీ ఆరు కింద దాగిన పాత ముక్క ఆ తప్పు అయిదే. ముందు అయిదును లాగితే, తరువాత ఆరును విప్పినప్పుడు తప్పు మళ్ళీ పైకి వస్తుంది. ఆయన వేళ్ళు అప్పుడే అయిదు అంకె మీదికి వెళ్తున్నాయి. కుర్చీలో ఆదిశేషయ్య చూస్తున్నాడు.

“భ్రమరాంబా,” అన్నాను గట్టిగానే, “నీ జాకెట్టు చేతులు బిగుతైనట్టున్నాయి. విప్పేటప్పుడు చివర వేసిన ఏడో కుట్టు ముందు విప్పుకో. తరువాత ఆరు. ఆ తరువాతే అయిదు.”

“కుట్లకు నంబర్లుంటాయేందమ్మా?” అన్నాడు ఆదిశేషయ్య.

“మా ఇంట్లో ఉంటాయండీ.”

మా ఆయన వేళ్ళు ఆగాయి. ఏడు కొట్టారు.

ఒక్కో అతుకు విప్పడానికి యంత్రం ఇరవై నిమిషాలు తీసుకుంది. దాని ఎర్రదీపం ఆరుతూ వెలుగుతూ ఉంటే నలుగురమూ దాన్నే చూస్తూ కూర్చున్నాం, రోగి మంచం చుట్టూ కూర్చున్నట్టు. మూడూ ఊడేసరికి ఒంటిగంట దాటింది. ఇక అసలైన అయిదు వేయాలి. ‘ఆ. 5’ను ఆదివారం రాకముందే కవరులోంచి తీశారు. అది సగం వెళ్ళి ఆగింది. పాత ప్రింటరు ఫైలు మీద కొత్తది రాయమంటావా, వద్దా అని అడిగింది. అవునంటే వై, కాదంటే ఎన్.

మా ఆయన నా వైపు చూశారు. నేను జాకెట్టు వైపు చూశాను. జాకెట్టులో వై, ఎన్ ఉండవు. నంద్యాలలో ఏం కొట్టారో గుర్తుంది, ఆళ్లగడ్డకు వేరని కూడా గుర్తుంది, కానీ ఇలాంటివి నాలుగు ప్రశ్నలు వరసగా వస్తాయి. గుర్తు మీద చెప్పేవి కావు. గోడ గడియారం ఒంటిగంటా ముప్పై అయిదు. నోరు మూసుకుంటే మా ఆయన పరువు ఉంటుంది, బస్సు పోతుంది. రెండూ ఉండే జవాబు ఏదైనా ఉందేమోనని కాసేపు వెతికాను. దొరకలేదు.

బ్యాగు తెరిచి, చీరలు పక్కకు తోసి, నోటుబుక్కు తీశాను.

ఆదిశేషయ్య చేయి చాపి తీసుకుని మొదటి పేజీ చదివాడు. ఇది ఊరగాయ గదా అన్నాడు. అయిదో పేజీ నుంచి చూడమన్నాను. చూశాడు. ఫ్లాపీ మీద అక్షరాలను, నోటుబుక్కులో అక్షరాలను పక్కపక్కన పెట్టి, గింజ పరీక్షించినట్టు తిప్పి తిప్పి చూశాడు. తరువాత మా ఆయనను చూశాడు. మా ఆయన కీబోర్డును చూస్తున్నారు.

“అయితే ఈ పని తెలిసింది నీకామ్మా,” అన్నాడు. “మరి యాడికి పోతాండావు? కూచో. ఈడంతా సర్దినంక పోదువులే. ఇంగ మీదట ఏదొచ్చినా జీపు పంపిస్తాం.”

ఆశ్చర్యమేమిటంటే, మా ఆయన ముఖం విచ్చుకుంది. పరువు పోయిందన్న బాధ కంటే, ఇక దాచనక్కర లేదన్న నిశ్చింత ఎక్కువగా కనిపించింది.

“ఈ ఒక్కటీ అయిపోనీ ప్రేమా,” అన్నారు.

నెల రోజులుగా ఆ మాట విన్నప్పుడల్లా బడికి ఉత్తరం రాసేదాన్ని. ఆ రోజు రాయదలచుకోలేదు. లేచి నిలబడ్డాను.

“నా పేరు మీ హాజరు పట్టీలో లేదండీ,” అన్నాను ఆదిశేషయ్యతో. “అందుకని నాకు గైర్హాజరు వేయలేరు.”

నోటుబుక్కు ఆయన చేతిలోంచి తీసుకుని భ్రమరాంబకు ఇచ్చాను. ఆళ్లగడ్డ, అయిదో అతుకు, ఆ పేజీ తీసి పైకి చదవమన్నాను. ఆ పిల్ల మొదట గొణిగింది, తరువాత గొంతు పెంచింది. “ప్రింటరు ప్రశ్నకు ఎన్ కొట్టవలెను. అక్కడ ప్రింటరు పాతది. రెండో ప్రశ్నకు వై. మూడు, నాలుగు, ఏమీ కొట్టక ఎంటరు.” మా ఆయన అలాగే కొట్టారు. యంత్రం ఇంకేమీ అడగకుండా దీపం వెలిగించుకుని తన పని చేసుకోసాగింది. ఆ పేజీ కింద ఆరు, ఏడు కూడా ఎలా వేయాలో రాసి ఉందని భ్రమరాంబ తనంతట తానే చెప్పింది.

ఆదిశేషయ్య కాసేపు ఆ పిల్లను చూశాడు, కాసేపు నన్ను చూశాడు. విత్తనాల మనిషికి ఏ గింజ మొలుస్తుందో తెలుస్తుంది. లేచి కుర్చీ జరిపాడు.

“తొందరగా పోమ్మా. దుమ్మొస్తాది.”

వెళ్ళేముందు కలం తీసి, రెండు ఫ్లాపీల మీదా ఊరి పేర్లు పూర్తిగా రాశాను. నోటుబుక్కులోంచి మొదటి నాలుగు పేజీలు జాగ్రత్తగా చింపుకున్నాను. మా ఆయన గడప దాకా వచ్చారు. ఏదో పెద్ద మాట అంటారనుకున్నాను.

“ఊరగాయ కాగితాలు గూడా తీసకపోతాండావా?”

“అవి నావి,” అన్నాను.

ఆయన తల ఊపారు. తలుపు నా వెనక మూసుకుంది. ఈసారి నేను బయట ఉన్నాను. చెప్పులు ఎండకు కాలుతున్నాయి.

రెండు గంటల బస్సు రెండుంబావుకు కదిలింది. దారిలో టైరు పోలేదు, ఇంజను ఆగలేదు. అయినా ఎవరో వెనక జీపులో వస్తున్నారేమోనని దారిలో ఉయ్యాలవాడ వెళ్ళేవాళ్ళ కోసం బస్సు ఆగిన ప్రతిసారీ తల తిప్పి చూశాను. బడి చేరేసరికి నాలుగుకు పది నిమిషాలు. సువార్తమ్మగారు కళ్ళజోడు మీదుగా గడియారాన్ని, నన్ను ఒకే చూపుతో చూసి, హాజరు పట్టీ ముందుకు తోశారు. మొదటి గడి మీద ‘నం.’ అని అచ్చు వేసి ఉంది. దాని కింద పద్నాలుగు వేసి, నా పేరు రాసి, సంతకం పెట్టాను.

ఆ తరువాత ఒక ఫారం ఇచ్చారు. భర్త పనిచేసే ఊరు అన్న చోట గడి చాలా చిన్నది. నంద్యాల అని పూర్తిగా రాస్తే ‘ల’ పక్క గడిలోకి పోయింది.

గడిలో పట్టేట్టు నం. అని రాస్తే సరిపోయేది కదమ్మా అన్నారు సువార్తమ్మగారు.

సరిపోదండీ అన్నాను.