వాపసు వెళ్ళిన ఎర్ర చుక్కలు

మా ఇంట్లో పిస్తోలు ఉందన్న సంగతి మా చెల్లెలు వసంతలక్ష్మికి నేను ఇప్పటికీ చెప్పలేదు. చెబితే బెజవాడ నుంచి ఫోనులోనే శోకాలు మొదలుపెడుతుంది. మేం ఉండేది టెక్సస్‌లోని ప్లేనోలో. మా వీధిలో సగం ఇళ్ళలో తుపాకులుంటాయని, వాటిని పక్కన పెట్టుకునే జనం హాయిగా గడ్డి కోసుకుంటూ ఉంటారని దానికి నచ్చజెప్పడం నా వల్ల కాదు.

మా ఆయన యోగానంద్ వంతెనలు డిజైన్ చేసే ఇంజినీరు. రిటైరైన కొత్తలో ఊరికే కూర్చోలేక నా వంటింట్లో డబ్బాలన్నీ సైజుల వారీగా సర్దేశారు. పోపు మాడిపోతుంటే ఆవాలు ఎక్కడున్నాయో తెలియక నేను గంతులేసిన రోజున, ఏదైనా వ్యాపకం చూసుకోండి మహానుభావా అని రెండు చేతులూ జోడించాను. ఏ యోగా క్లాసులోనో చేరతారనుకున్నాను. స్నేహితుడు ధర్మారావు వెంట వెళ్ళి టార్గెట్ పిస్తోలు క్లబ్బులో చేరొచ్చారు.

చెప్పొద్దూ, ఒంటికాలి మీద లేచాను. తరవాత ఒకసారి వెళ్ళి చూస్తే అంత భయపడేదేమీ కనిపించలేదు. పెద్దమనుషులందరూ వరసగా నిలబడి, పిస్తోలు ఒంటి చేత్తో చాచి, ఊపిరి బిగబట్టి, దూరంగా వేలాడే కాగితం మీద నల్లటి గుండ్రాన్ని కొడతారు. కొట్టాక ఎవరి కాగితం వాళ్ళు తెచ్చుకుని పరీక్ష మార్కులు చూసుకున్నట్టు చూసుకుంటారు. క్లబ్బు నుంచి వచ్చిన సాయంత్రం మా ఆయన పెట్టింది తిని, మాట్లాడితే నవ్వుతూ జవాబు చెప్పేవారు. అంచేత నేను నోరు మూసుకున్నాను.

రెండువేల పదమూడు జనవరిలో ఇండియా వెళ్ళొచ్చాం. వచ్చిన దగ్గర్నుంచీ ఆయన కాగితాల మీద చిల్లులు చెదిరిపోవడం మొదలైంది. పిస్తోలు మీద వెనకాల ఒక గాడి, ముందు ఒక మేకు ఉంటాయి. గాడిలో మేకుని నిలబెట్టి, ఆ మేకు కొసన నల్ల గుండ్రాన్ని నిలబెట్టాలి. కళ్ళజోడు ఎంత తుడుచుకున్నా మేకు మసకగా ఉంటోందన్నారు. వయసు మీద పడ్డ కళ్ళకి దగ్గరిదీ దూరానిదీ ఒకేసారి అందవని, రెడ్ డాట్ బిగించుకుంటే ఆ బాధ ఉండదని క్లబ్బులో అందరూ అన్నారట. అది వేలెడంత గొట్టం. అందులోంచి చూస్తే గాజు మధ్యలో ఒక ఎర్ర చుక్క వెలుగుతుంది. ఆ చుక్కని దేనిమీద పెడితే తూటా అక్కడికి పోతుంది.

ఏది కొనాలన్న చర్చ మా డైనింగ్ టేబుల్ దగ్గరే జరిగింది. ధర్మారావుగారు మా ఇంటి పెసరట్లు తింటూ మా ఆయనకి క్లాసు పీకారు.

"ఒరే యోగీ, ఇందులో మాత్రం కక్కుర్తి పడకు. నేను వాడేది మిలటరీ వాళ్ళు వాడతారు. చవకవి పిల్లల బొమ్మలురా, రెండు నెలలకే ఊడి చేతికొస్తాయి."

"నీది పెద్ద తూటాల పిస్తోలు కాబట్టి పేలినప్పుడల్లా గట్టిగా అదురుతుంది. నీకు అంత గట్టిది కావాలి," అన్నారు మా ఆయన. "నాది చిన్న తూటా. తుమ్మినంత కూడా అదరదు. అంత లోడే లేనప్పుడు అంత పెద్ద పిల్లర్ దేనికిరా నాకు?"

వంతెనల మనిషి కదా, అవసరానికి మించి ఒక్క కడ్డీ కూడా వెయ్యరు. నాకు ఆ మాట నచ్చింది. చుక్క స్పష్టంగా ఉండాలి, గాజు మీద పచ్చటి ఛాయ ఉండకూడదు, వెలుతురు తగ్గించే మర ఉండాలి, బిగించాక కదలకూడదు, ఇంతే చాలన్నారు. పది రోజులు కంప్యూటర్ ముందు కూర్చుని జనం రాసిన అభిప్రాయాలన్నీ చదివి, ఒక చవక రకం తెప్పించారు.

రాగానే చూసి, "పాడైందే ఇది. రిటర్న్ చేసేస్తా," అన్నారు.

రెండోది తెప్పించారు, వేరే కంపెనీది. అదీ పాడైందే అన్నారు. రెండు పెట్టెలూ తిరిగి పంపడానికి పోస్టాఫీసు దగ్గర వరసలో నిలబడింది నేను. అమెరికాలో మన వాళ్ళకి మనసారా నచ్చిన ఆచారం ఏదైనా ఉంటే అది వస్తువు వాపసు తీసుకునే ఆచారమే. తొడుక్కుని వదిలేసిన కోట్లూ, వాడి పారేసిన మిక్సీలూ వాపసు ఇచ్చిన వాళ్ళు నాకు తెలుసు. మా ఆయన మాత్రం ఎన్నడూ అలాంటి పని చెయ్యలేదు. అందుకే నాకు ఏమూలో తేడాగా అనిపించింది. కానీ పట్టించుకోలేదు.

మూడోది ఒక శనివారం పొద్దున వచ్చింది. గ్యారేజీ తలుపెత్తి, స్టూలు మీద కూర్చుని, ఆ గొట్టాన్ని కంటికెదురుగా పెట్టుకుని ఎదురింటి కంచెకేసి చూస్తున్నారు. పిస్తోలు లోపల పెట్టెలో తాళం వేసే ఉంది. నేను బట్టలు ఆరేసే స్టాండు కోసం వెళ్ళాను.

"ఎలా ఉందండీ?"

"ఇదీ అంతే. చుక్క చీలిపోయింది. పాడైందే."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "మూడు కంపెనీల వాళ్ళూ కూడబలుక్కుని మీకే పాడైనవి పంపిస్తున్నారా? ఈసారి ఆ లైన్లో మీరే నిలబడండి. ఏదీ, ఇలా ఇవ్వండి," అని లాక్కుని కంటికెదురుగా పెట్టుకున్నాను.

కంచె మీద ఎర్ర చుక్క. చిన్నది, శుభ్రంగా, సూదితో పెట్టినంత గుండ్రంగా ఉంది.

"ఏం చీలింది? లక్షణంగా ఉంటేనూ! నా మొహాన బొట్టు కూడా ఇంత గుండ్రంగా ఉండదు."

నేను గొట్టం దించి చూస్తే, ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని నేలకేసి చూస్తున్నారు. నలభై ఏళ్ళ కాపురంలో ఆ మనిషిని అలా చూడలేదు.

"మీకెలా కనిపిస్తోందండీ?"

"చెమటకి కారిన బొట్టులా," అన్నారు. "పక్కన ఇంకో తోక. మూడింట్లోనూ ఒకేలా. ఒక్కటైనా గుండ్రంగా కనిపిస్తుందేమోనని ఒకదాని తరవాత ఒకటి తెప్పించాను భానూ. అన్నీ పాడైనవి అనుకుంటే సరిపోతుంది కదా అనుకున్నాను. నీకు బాగా కనిపిస్తోందంటే, ఇంక పాడైంది అది కాదు."

ఆయన ఏం తలుచుకుంటున్నారో నేను అడగనక్కర్లేదు.

మా అత్తగారికి డెబ్బై దాటకముందే చూపు మధ్యలో మచ్చ పడింది. గోడలూ కిటికీలూ పక్కలకి కనిపించేవి, ఎదురుగా నిలబడ్డ మనిషి ముఖం మాత్రం కనిపించేది కాదు. కొడుకు ముఖం చూసుకోవాలంటే ఆవిడ తల పక్కకి తిప్పుకోవాలి. అయినా ఆయనేనని నమ్మకం కుదరక, ఎవర్నాయనా అని అడిగేది. ఇలాంటిది పిల్లలకి కూడా రావచ్చని డాక్టరు అప్పుడే చెప్పాడు. ఆ మాట మేమిద్దరం మళ్ళీ ఎప్పుడూ అనుకోలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"ఇండియా నుంచి వచ్చిన దగ్గర్నుంచీ. రాత్రిళ్ళు కారు లైట్లు చీలికలుగా కనిపిస్తున్నాయి. బాత్‌రూం టైల్స్ మీద అడ్డగీతలు బాగుంటాయి, నిలువు గీతలు మసకగా ఉంటాయి. రోజూ చూసుకుంటున్నా."

అంటే ఈ మనిషి మూడు నాలుగు నెలలుగా రోజూ బాత్‌రూంలో తలుపేసుకుని గోడకి తనని తాను పరీక్ష పెట్టుకుంటున్నారు. నేనేమో బయట నిలబడి, లోపల నిద్రపోతున్నారా అని తలుపు బాదాను.

"డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చుగా!"

"వెళ్తే చెప్పేస్తారు."

"చెప్పడానికే కదండీ డాక్టరు!"

"చెప్పేదాకా చూస్తున్నట్టే ఉంటుంది భానూ."

ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు ముందు కోపం వస్తుంది, అది నా పుట్టుబుద్ధి. ఇంట్లోకి వెళ్ళి కారు తాళాలు తెచ్చాను. "లేవండి. రేణు క్లినిక్ శనివారం మధ్యాహ్నం దాకా ఉంటుంది."

"రేణు అయితే వద్దు. ఆదివారం పాట్‌లక్ భోజనాల్లో ఊరంతా తెలిసిపోతుంది."

"తెలియనివ్వండి. అందరికీ నేనే చెప్తా. లేవండి."

రేణు మా స్నేహితుల కూతురు, ఇక్కడే పుట్టి పెరిగి కళ్ళ డాక్టరైంది. దాని క్లినిక్ పక్క ఊరైన రిచర్డ్‌సన్‌లో ఉంది. హైవే మీద నేను డ్రైవ్ చెయ్యను, లారీలంటే భయం. ఆ రోజు చేశాను. ఆయన పక్కన కూర్చుని, భానూ సిగ్నల్ వెయ్యి, భానూ అద్దం చూడు అని ఒక్కసారి కూడా అనకపోవడం లారీల కంటే ఎక్కువ భయపెట్టింది.

మా అత్తగారి సంగతితో సహా నేను చెప్పిందంతా విని, రేణు ఆయన కళ్ళలో చుక్కలు వేసి, కాసేపాగి, గది చీకటి చేసి, వంగి ఒక కంట్లోకి చూసింది. తరవాత రెండో కంట్లోకి. మళ్ళీ మొదటి కంట్లోకి. నేను గోడవార కుర్చీలో కూర్చుని, ఎప్పుడూ మొక్కని దేవుళ్ళక్కూడా మొక్కేశాను.

రేణు లైటు వేసింది. "అంకుల్, మీ రెటినా చాలా బాగుంది."

ఆయన వినపడనట్టు చూశారు.

"మీ అమ్మగారికి వచ్చిన ప్రాబ్లం మీకు లేదు. ఐ చెక్డ్ ట్వైస్. సెంటర్‌లో చాలా క్లీన్‌గా ఉంది."

"మరి ఆ చుక్క?" అన్నాను నేను.

"అది ఆస్టిగ్మటిజమ్ ఆంటీ. కన్ను ముందు భాగం బాల్ లాగా రౌండ్‌గా ఉండదు కొంతమందికి. అప్పుడు లైట్ డాట్ సాగిపోతుంది. లైన్స్ కూడా ఒక వైపువి బ్లర్. చాలా కామన్, గ్లాసెస్ పెడితే పోతుంది." ఆయన కళ్ళజోడు మెషీన్ మీద పెట్టి చూసి మొహం చిట్లించింది. "కానీ ఈ గ్లాసెస్‌లో సిలిండర్ పవర్ అసలు లేదు. ఆ పవరే దాన్ని కరెక్ట్ చేసేది. ఇవి ఎవరు చేశారు, అంకుల్?"

ఆయన నాకేసి చూశారు. నేను ఆయనకేసి చూశాను.

ఇండియా ప్రయాణమంటే మా బోటి వాళ్ళకి సగం రిపేరు పనులు. పళ్ళు కట్టించుకోవాలి, రక్తం పరీక్షలు చేయించుకోవాలి, జాకెట్లు కుట్టించుకోవాలి, కళ్ళజోళ్ళు మార్చుకోవాలి. ఇవన్నీ చుట్టాల ఇళ్ళన్నీ తిరిగాక, విమానం ఎక్కే ముందు రోజున గుర్తొస్తాయి. ఆ సాయంత్రం బెజవాడలో కళ్ళజోళ్ళ షాపతను చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. "సిలిండర్‌తో కావాలంటే అద్దాలు తెప్పించాలండి, నాలుగు రోజులు పడుతుంది. అది లేకుండా అయితే గంటలో ఇచ్చేస్తాను, కానీ కొంచెం తేడాగా ఉంటుంది మరి." పక్క కొట్లో నా జాకెట్లు ఇంకా కాజాల దగ్గరే ఉన్నాయి. నేను హడావిడి పెడుతున్నాను. ఈయన, వంతెనకి ఒక్క మేకు తక్కువైతే నిద్రపోని మనిషి, "ఆ కొంచెం తేడా ఏం చేస్తుందిలే, ఇచ్చెయ్యండి," అన్నారు.

"భానూ," అన్నారు మా ఆయన కుర్చీలోంచి, "ఆ కొంచెం తేడా..."

నాకు తిట్టాలనుంది. నెలల తరబడి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతికిన మనిషిని, ఆ సంగతి నాకు చెప్పని మనిషిని, గంటలో కళ్ళజోడు కావాలన్న మనిషిని, ఉతికి ఆరెయ్యాలనుంది. నోరు తెరిస్తే నవ్వొచ్చింది. నవ్వు ఆగలేదు. ఆయనా నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతూ నవ్వుతూ చేతుల్లో మొహం దాచుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. అది నవ్వు కాదని తెలిసి వెళ్ళి తల మీద చెయ్యి వేశాను. రేణు బుద్ధిమంతురాలు, ఏదో మర్చిపోయినట్టు బయటికి వెళ్ళింది.

కొత్త కళ్ళజోడు ఇక్కడే చేయించాం. రేణు ఎన్ని రోజులంటే అన్ని రోజులూ ఆగాం. అది పెట్టుకుని గ్యారేజీలో ఆ మూడో గొట్టంలోంచి చూసి, "ఇది చాలు భానూ. చక్కగా ఉంది," అన్నారు. చవకది వద్దు, మీకు నచ్చింది ఏదైనా తీసుకోండి అన్నాను నేను, ధర్మారావుగారు కొన్నటువంటిదైనా సరే అన్నాను. ఆ క్షణాన ఏం అడిగినా కొనిచ్చేదాన్నే. అక్కర్లేదన్నారు. వాపసు పంపిన మొదటి రెండూ బంగారం లాంటివని, ఆ కంపెనీల వాళ్ళకి క్షమాపణ చెబుతూ మంచి అభిప్రాయం రాస్తానని కంప్యూటర్ ముందు కూర్చున్నారు.

ఆ వారం క్లబ్బుకి నేను కూడా వెళ్ళాను. చెవులకి పెద్ద డిప్పలు పెట్టుకుని వెనక బెంచీ మీద కూర్చున్నాను. ఆయన నిలబడి, చెయ్యి చాచి, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్కటే కొట్టారు. ధర్మారావుగారు పక్క వరసలోంచి చూస్తూనే ఉన్నారు. కాల్పులు ఆగి ఎర్ర లైటు వెలిగాక అందరూ కాగితాలు తెచ్చుకున్నారు. ఆయన కాగితం చూసి నా ప్రాణం ఉసూరుమంది. నల్ల గుండ్రంలో నాలుగే చిల్లులు, మిగతావన్నీ కిందకీ ఎడమకీ పారిపోయి ఉన్నాయి.

"చెప్పానా చవకది వద్దని?" అన్నారు ధర్మారావుగారు.

"చుక్క చాలా బాగుందిరా," అన్నారు మా ఆయన. ఆ కాగితం నా ముందు పెట్టి, కింద ఎడమ పక్కనున్న చిల్లులన్నిటి మీదా వేలు పెట్టి చూపించారు. పెళ్ళయిన కొత్తలో కూడా ఆయన మొహం అంత వెలగలేదు. "చూశావా భానూ! పేలే ముందు చుక్క ఎటు కదిలిందో నాకు స్పష్టంగా కనిపించింది. చిల్లు అక్కడే పడింది. ఇవన్నీ నా చేతి తప్పులు. ఒక్కటి కూడా కంటిది కాదు."